కాటా మీద పుస్తకాల సంచి

లారీలు తూచే ఆ కాటా మీదికి పొద్దున్నే మొట్టమొదట ఎక్కేది లారీ కాదు, కాటా నడిపే ఆయన కూతురి పుస్తకాల సంచి.

ఆ పిల్లని అందరూ వాయిదాల రాణి అనేవాళ్లు. పాఠం చదవమంటే రేపనేది, లెక్క చెయ్యమంటే ఎల్లుండనేది, పరీక్ష రేపే కదే అంటే ముసుగు తన్ని పడుకునేది. చదవకుండా వదిలేసిన పాఠమల్లా సంచిలో చేరి బరువయ్యేది. ఆరో తరగతిలో ఇటుకంత. హైస్కూలు ఆఖరి ఏడాదికి గేదె దూడంత. ఒకరోజు బడి మెట్లు మూడు విరిగాయి. బడివాళ్లు మెట్లు బాగుచేయించి, సంచిని కిందే పెట్టుకోమన్నారు, అంతే. బస్సు కండక్టరైతే, "నువ్వెక్కమ్మా, దాన్ని లారీలో రానీ" అనేవాడు.

రాణికి కొండలూ నేలలూ కొలిచే సర్వే చదువంటే ప్రాణం. ఆ చదువున్న కాలేజీ ఒక్కటే. అర్ధసంవత్సరం మార్కులు చూసి, ఇలాగైతే ఆ కాలేజీ గేటు కూడా నీ మొహం చూడదని టీచరు చెప్పేసింది. ఆ సాయంత్రం పిల్ల ఏడ్చిన ఏడుపుకి కాటా గదిలో కుర్చీలు తేలాయి.

లోడు ఎక్కువైందనుకుని తండ్రి పుస్తకాలన్నీ తీసి బల్ల మీద పెట్టాడు. ఖాళీ సంచిని తూచాడు. అరవై ఒక్క కిలోలు. ఆయన బుర్ర గోక్కున్నాడు.

"లోడెక్కువైన లారీని తిట్టి ఏం లాభం తల్లీ? పై బస్తా ముందు దించాలి."

"నావన్నీ అడుగునే ఉన్నాయి నాన్నా."

"పైన నిన్నటి పాఠం ఉందిగా. అది దించు. అడుగుది దానంతటదే పైకొస్తుంది."

మర్నాటి నుంచి రాణి కాటా గదిలో స్టూలు మీద కూర్చుని, లారీకీ లారీకీ మధ్య చదివేది. ముందు నిన్నటిది, తర్వాత మొన్నటిది. పది కిలోలకి తక్కువైతే లెక్కే చెయ్యని ఆ కాటా, సంచి విషయంలో గ్రాములు కూడా చెప్పేది. పొద్దున్నే ఆయన తూచి, తారీకు వేసి, చీటీ తీసి తీగకి గుచ్చేవాడు. తగ్గితే మెచ్చుకునేవాడు కాదు, పెరిగితే కసిరేవాడూ కాదు. వంతు కోసం ఆగిన డ్రైవర్లు మాత్రం ఊరుకుంటారా? సూత్రాలు అప్పజెప్పించుకుని, తప్పు చెబితే హారన్ కొట్టేవాళ్లు. ఆ హారన్లకి చుట్టుపక్కల పిల్లలందరికీ త్రికోణమితి వచ్చేసిందంటారు.

ఆఖరి పరీక్షల్లో రాణికి నూటికి డెబ్బై నాలుగు వచ్చాయి. ఆ కాలేజీకి దరఖాస్తు పట్టుకెళ్తే, ప్రిన్సిపాలమ్మ రెండు పరీక్షల మార్కులూ కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చూసింది.

"అర్ధసంవత్సరంలో నాలుగు సబ్జెక్టులు తప్పావు. ఇప్పుడేమో ఇన్ని మార్కులు. చూసి రాశావా?"

ఇక్కడ కాదంటే ఇంక ఆ చదువు లేదు. తండ్రి జేబులోంచి తీగకి గుచ్చిన చీటీల దండ తీసి బల్ల మీద పెట్టాడు. నూట నలభై రెండు చీటీలు, రోజుకొకటి చొప్పున సంచి బరువులని చెప్పాడు. ఆవిడ ఒక్కొక్కటే తిప్పింది. అరవై ఒకటి, అరవైన్నర, యాభై తొమ్మిది... ఒకచోట వేలు ఆగింది.

"పదిహేడో తారీకున నాలుగు కిలోలు పెరిగిందేం?"

రాణి, తండ్రి వంక చూసింది. ఆయన కిటికీ వంక చూస్తున్నాడు.

"ఆరోజు హోంవర్కు పక్కపిల్లది చూసి రాశానండి. తర్వాత రెండు రోజులు కూర్చుని మళ్లీ చేసి దించాను."

"ఈ ఒక్క చీటీ తీసేసి ఉండొచ్చుగా?"

"మా నాన్న ఏ చీటీ పారెయ్యరండి."

ప్రిన్సిపాలమ్మ ఆఖరి చీటీ దాకా తిప్పింది. దాని మీద సున్నా ఉంది. ఇంకేం అడక్కుండా దరఖాస్తు మీద సంతకం పెట్టి, చీటీల దండని కూడా దానికే పిన్ను చేసింది.

తిరిగొచ్చేటప్పుడు కండక్టరు అలవాటు కొద్దీ సంచి ఏదమ్మా అనడిగాడు. రాణి తలెత్తి చూపించింది. సంచి బస్సు కప్పుకి ఆనుకుని తేలుతోంది, పట్టీ ఆమె వేలికి చుట్టి ఉంది. అతను వెళ్లి కిటికీ మూశాడు.

అప్పటికే రాణి, తండ్రి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఎన్నేళ్లకో, రేపటికి ఏదీ మిగల్చకుండా పోయిన నిద్ర. పట్టీ జారిపోకుండా ఆయన దాన్ని తన చేతికి చుట్టుకున్నాడు.