నైటీతోనే

మూడో దోసె ఎందుకు వంకరపోయింది, పెనం కాగలేదా, పిండి జారైందా, కాదు, గరిటె తిరగడం లేదు, కుడి చెయ్యి ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది, ఇదిగో గరిటె కింద పడింది, ఏమండీ అని పిలుద్దామంటే ముద్దముద్దగా ఏదో శబ్దం వస్తోంది, నాకా, నోయిడాలో ఈ అపార్ట్‌మెంట్ మొత్తానికి నోరుగల ఆంటీని, నా నోటికి జడిసి పాలవాడు నీళ్లు కలపడం మానేశాడు, ఆ నోరే ఒక పక్కకి జారిపోతోంది, ఫ్రిజ్ తలుపులో కనిపిస్తూనే ఉంది, మా అమ్మ హనుమాయమ్మకీ ఇలాగే మూతి జారింది, గాలి సోకిందన్నారు, పడుకుంటే తగ్గుతుందన్నారు, తెల్లారేసరికి సగం మనిషి మిగిలింది, త్వరగా తెస్తే ఇంజెక్షన్ ఉండేదమ్మా, వేళ దాటిపోయింది అన్నాడు డాక్టరు, ఆ తర్వాత బతికినన్నాళ్లూ అమ్మకి ఊఁ అన్న ఒక్క మాటే, నేను పడుకోను, చచ్చినా పడుకోను.

మా ఆయన శేషగిరి పరుగెత్తుకొచ్చి స్టవ్ కట్టేశారు, లక్ష్మీ, బీపీ పడిపోయినట్టుంది, ఈ మజ్జిగ తాగి కాసేపు నడుం వాల్చు అంటున్నారు, పళ్లు బిగించాను, మింగుడు పడక ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అమ్మ దగ్గర నేర్చుకున్న పాఠమే, ఎడం చేత్తో గ్లాసు నెట్టేసి వీధి తలుపు చూపించాను, హాస్పిటల్‌కా, సరే, నైటీతోనా, చీర మార్చుకో, నలుగురూ ఏమనుకుంటారు, ఆ నలుగురూ అమ్మ మంచం దగ్గరికి ఎన్నిసార్లొచ్చారో నాకు తెలుసు, ఆయన బీరువా తీసేలోపు గోడ పట్టుకుని కాలీడ్చుకుంటూ లిఫ్ట్ దాకా వచ్చేశాను, లిఫ్ట్‌లో పై ఫ్లాట్ హాసిని, విజయవాడ పిల్ల, ఆఫీసుకి బయల్దేరింది, నా మొహం చూడగానే ఆంటీ, ఒకసారి నవ్వండి, రెండు చేతులూ ఎత్తండి అంది, ఒకటే లేచింది, అంకుల్, ఇది స్ట్రోక్‌లా ఉంది, ఎప్పుడు మొదలైంది, వెనకే వచ్చిన ఆయన తడబడుతూ, రెండో దోసె గుండ్రంగానే వచ్చిందమ్మా, మూడోదే పాడైంది, ఇప్పుడే, అన్నారు, నా దోసెల్ని ఈ మనిషి ఇంత శ్రద్ధగా చూస్తారని నాకు ఇవాళే తెలిసింది.

భయ్యా, ఆఫీస్ నహీ, సీధా హాస్పిటల్, అని హాసిని తన క్యాబ్‌లోనే మమ్మల్ని ఎక్కించి, స్ట్రోక్ కేస్ హై, స్కాన్ రెడీ రఖియే అని ఫోన్‌లో ఎమర్జెన్సీ వాళ్లకి చెబుతోంది, భయంగానే ఉంది, అబద్ధమెందుకు, సిగ్నల్ దగ్గర పక్క కారులోవాళ్లు నైటీ వంక చూస్తున్నారు, చూడనీ, ఆయన ఒళ్లో నా నీలం చీర, గాభరాలోనూ వదల్లేదు, దాన్నే పట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నారు, ఉంచండి, ఇంటికెళ్లేటప్పుడు కట్టుకుంటాను, కుచ్చిళ్లు పెట్టుకోవడానికి నాకు ఈ కుడి చెయ్యి కావాలి, అందుకే నైటీతో వచ్చాను.