పదిహేను వేల మంది గొంతు

ఎన్నికల సర్వే కోసం ఫోన్లు చేయడం గ్లెనిస్‌కు పంతొమ్మిదేళ్లుగా అలవాటైన పని. ఆ సాయంత్రం ఆస్ట్రేలియాలోని మాలీ అనే గోధుమ పొలాల ప్రాంతం నుంచి క్లారీ అనే ముసలి రైతు ఆమెను ఆటపట్టించాడు.

"ఎవరికి ఓటేస్తారండీ?"

"మా కుక్కకి. అది అబద్ధాలాడదు. ఓటెయ్యకపోతే జరిమానా వేస్తారని వెళ్తాగానీ, పోలింగు జరిగే ఆ బడి దగ్గర అమ్మే మాంసం సాసేజ్ తప్ప ఓటువల్ల నాకేం ఒరిగింది?"

అన్ని ప్రశ్నలకూ అదే వరస. గ్లెనిస్‌కు ఒళ్లు మండింది. ప్రశ్నల కాగితంలో లేని మాట అనకూడదన్న నియమాన్ని పక్కన పెట్టేసింది.

"ఆస్ట్రేలియా మొత్తమ్మీద కోటీ ఎనభై లక్షల ఓటర్లుంటే, పన్నెండు వందల మందినే అడుగుతున్నాం. మీ ఒక్క గొంతులో పదిహేను వేల మంది మాట్లాడుతున్నారు. వాళ్లందరూ కుక్కకే వేస్తారని రాసుకోమంటారా?"

అవతల మోగుతున్న రేడియో ఆగింది. కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది.

"అంతమందా?" అన్నాడు మెల్లగా. "ఇందాకటివన్నీ కొట్టేయమ్మా. మళ్లీ మొదట్నించీ అడుగు."

ఆమె అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"నిజంగానే తెలీదమ్మా."

గ్లెనిస్ వేలు కంప్యూటర్ తెరపై 'తెలియదు' అన్న గడి మీద ఆగిపోయింది. ఇన్నేళ్లూ చూడకుండా నొక్కేసిన గడి అది. ఇవాళ దాని వెనక పదిహేను వేల మంది, టోపీలు తీసి చేత్తో పట్టుకుని, నిలబడి ఆలోచిస్తున్నారు.