వాసన వస్తే శుభ్రమే

మరుగుదొడ్లు తుడిచిన గుడ్డనే బకెట్లో ముంచి, పిండి, అందరూ ఫినాయిలమ్మ అని పిలిచే ఆయా ఆసుపత్రి వార్డులోకి వచ్చింది. ఇప్పుడు మంచాల ఊచలు తుడవాలి. అన్నిటికీ ఒకటే గుడ్డ. ఇంకొకటి ఇమ్మని అడిగినప్పుడల్లా సూపర్‌వైజరుది ఒకటే మాట.

"గుడ్డలేమైనా నములుతున్నావా? ఫినాయిల్ వాసన రావాలమ్మా. వాసన వస్తే శుభ్రమే."

పెద్ద డాక్టరు కూడా గుమ్మంలో నిలబడి గాలి పీల్చి, తల ఊపి వెళ్లిపోయేవాడు. ఆసుపత్రి శుభ్రతకు అంతే పరీక్ష.

ఫినాయిలమ్మవి నీళ్లలో నాని పాలిపోయిన వేళ్లు, ఒక పక్కకు ఒరిగిన నడుము. మొగుడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాక పట్టిన చీపురు ఇంకా దించలేదు. ఆమె ముక్కూముఖం తెలియనివాళ్ల మలమూత్రాలు ఎత్తుతుంటే, ఆమె పిల్లలకు ముద్దలు కలిపి పెట్టింది అక్క. ఆ అక్కే ఇప్పుడు మూలమంచం మీద ఉంది. విరిగిన తుంటి అతుక్కుంది. ఇంటికి పంపేద్దామనుకుంటుండగా విరేచనాలు పట్టుకున్నాయి. వార్డులో సగంమందికి అవే. "బయటి తిండి" అని తేల్చేశారు పెద్దలు.

భయంతో అక్క మంచాన్ని అందరి మంచాలకంటే ఎక్కువసార్లు తుడిచేది. ఊచలు, బల్ల, చివరికి నీళ్లగ్లాసు అంచు కూడా.

"ఇంకెంత తోముతావే? మంచం అరిగిపోతుంది," అంది అక్క, ఎండిన పెదాలు తడుపుకుంటూ.

"నోర్మూసుకుని పడుకో. నిన్ను నడిపించుకుని ఇంటికి తీసుకెళ్లాలి."

మధ్యాహ్నం నర్సు వచ్చి గొంతు తగ్గించింది. "పరీక్షలో తేలిందమ్మా. పేగుల్లో బ్యాక్టీరియా ఏదో ఉందట. మలంలోంచి వచ్చి ఊచలకీ గుడ్డలకీ అంటుకుంటుందట. ఫినాయిల్‌కి చావదట."

"మరి నేనిన్నాళ్లూ తుడిచిందేంటి?"

నర్సు ఆమె చేతిలోని గుడ్డ వైపు చూసింది.

ఆ రోగాన్ని మంచం మంచానికీ మోసింది తన చేతులే. మోయించినవాళ్ల చేతులు మాత్రం తడవలేదు.

అక్కను ముట్టుకోబోయి ఆగింది. వార్డు కుళాయిలో నీళ్లు రావు. మెట్లు దిగి, వెనకాల తొట్టి దగ్గర సబ్బుతో మోచేతులదాకా తోలు లేచేలా రుద్దుకుని వచ్చింది. అక్క గోడవైపు తిరిగి ఉంది. నిద్రనుకుంది. కడిగిన చేతిని చెంప మీద పెట్టింది. ఊపిరి తగల్లేదు.

సాయంత్రం శవాన్ని తీశాక సూపర్‌వైజరు వచ్చాడు. "బాధే, కాదనను. కానీ ఇంకో పేషెంటు బయట కూర్చుని ఉంది. మంచం తుడిచెయ్యి."

"దేంతో?"

అతను బకెట్ చూపించాడు.

ఆమె దాన్ని అతని బూట్ల దగ్గరికి తోసింది. "నువ్వు తుడువు," అని మెట్లు దిగిపోయింది.

మంచం వెనక, గోడకు ఆనించి, అక్క కోసం కొన్న చేతికర్ర ఉంది. పిడికి చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు.