ఏలికుట్టి టీకొట్టు గుంజ

పదకొండేళ్లపాటు మా ఊరి బోటును ఒక టీకొట్టు గుంజకి కట్టారు. ఈ మాట కోర్టులో చెప్పినప్పుడు మేజిస్ట్రేటు గారు కలం ఆపి, "టీకొట్టు గుంజకా?" అని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ అవునన్నాను. నా పేరు అమ్మిణి, కేరళలో అలప్పుళ కోర్టులో ముప్పై ఏళ్లుగా వకీలుని. ఇంతకన్నా వింత నిజాలు చాలా చెప్పాను గానీ, చెప్తూ చెప్తూ నాకే నవ్వాగని నిజం ఇదొక్కటే.

రేవులో బోటు కట్టడానికి, బోట్లు నడిపే జలరవాణా శాఖవాళ్లు పాతిన కొయ్య ఒకటి ఉండేది. అది పుచ్చి, ఒక వానాకాలం కొట్టుకుపోయింది. కొత్తది పాతండి మహాప్రభో అని రాసిన అర్జీలు ఏ బల్ల కింద నిద్రపోయాయో ఆ దేవుడికే ఎరుక. రేవు పక్కనే ఏలికుట్టి టీకొట్టు. దాని ముందు గుంజ తాటిమొద్దు, మంచి లావు. "పోనీలెండి, రేపటిదాకా దీనికి కట్టుకోండి" అందావిడ. ఆ రేపు పదకొండేళ్లకీ రాలేదు.

తాడు కట్టేదీ విప్పేదీ కళాసి పొన్నప్పన్. బోటు రేవు తాకిందంటే వాడికి వంద పనులు. ఒకరి మందుల సంచీ అందించాలి, ఒకరి కోడిపెట్టను దింపాలి, ఒక ముసలాయన్ని చెయ్యి పట్టుకుని ఎక్కించాలి. ఇవన్నీ అయ్యాక ఏలికుట్టి దగ్గర, బోటు నడిపే సరంగు గారికి టీ గ్లాసు అందుకుని, తాడు విప్పి, "పోనీ" అని కేకెయ్యాలి. పైన చక్రం దగ్గర కూర్చున్న సరంగు ఆ కేక వినే బోటు కదిలిస్తాడు.

ఆ మంగళవారం పొద్దున ఏలికుట్టి అరటిపండు బజ్జీలు మొదటి వాయి దింపింది. "ఒరేయ్ పొన్నప్పా, వేడివేడిగా ఉన్నాయి, రెండు పట్టుకుపోరా!" అని పిలిచింది. వాడు ఒక చేత్తో టీ గ్లాసు, ఒక చేత్తో బజ్జీ పట్టుకుని, రెండోది నోట్లో కుక్కుకుని బోటెక్కాడు. ఆ నోటితోనే "పోనీ" అన్నాడు. సరంగు పోనిచ్చాడు. తాడు గుంజకే ఉంది.

ముందు తాడు బిగిసింది. తర్వాత గుంజ వంగింది. ఆ తర్వాత తాటాకు కప్పూ, బిస్కెట్ల సీసాలూ, పాలగిన్నే, గోడ మీది ఏసుప్రభువు పటమూ, ఏలికుట్టితో సహా కొట్టు మొత్తం బోటు వెనకాల ప్రయాణం కట్టి, నాలుగు గజాలు వెళ్లి కాలవలో చతికిలబడింది. ఏ తల్లి చేసుకున్న పుణ్యమో, మరిగే నూనె అటు పడింది, ఆవిడ ఇటు పడింది. పొన్నప్పన్ నోట్లో బజ్జీతోనే నీళ్లలోకి దూకి ఆవిణ్ణి ఒడ్డుకి లాగాడు. ఆవిడ కుడి మణికట్టు విరిగింది. ఒడ్డెక్కగానే ఎడమ చేత్తో వాడి చెంప వాయించింది.

నవ్వొచ్చిందా? నాకూ వచ్చింది. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. నిర్లక్ష్యంతో ప్రాణాపాయం తెచ్చాడని పోలీసులు పొన్నప్పన్ మీద కేసు రాశారు. శాఖ వాడి మీద విచారణ పెట్టింది. ఏలికుట్టి తన కొట్టు కోసం శాఖ మీద నష్టపరిహారం దావా వేసింది. మరిచింది ఒక్క తాడు, చుట్టుకున్నవి మూడు.

వాడు అప్పటికే సరంగు పరీక్ష పాసయ్యాడు. రేపో మాపో చక్రం చేతికొచ్చే మనిషి. శిక్ష పడితే చక్రం మాట దేవుడెరుగు, తాడు కూడా చేతిలో ఉండదు. నా ఆఫీసుకొచ్చి కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. అక్కా అన్నట్టు నన్ను చేచ్చీ అంటాడు.

"చేచ్చీ, మా నాన్న సరంగుగా చేశాడు. ఆయన టోపీ ఇంట్లో మేకుకి వేలాడుతోంది. తీసి పెట్టెలో పడేయమంటారా?" అన్నాడు.

నాకు ఏడుపొస్తే కోపమొస్తుంది.

"ముట్టుకున్నావంటే కాళ్లు విరగ్గొడతా. నీ కేసు నేను చూసుకుంటా, పో ఇంటికి!" అన్నాను.

కేసు విచారణకి వారం ముందు బోటులో ఏలికుట్టి వచ్చి నా పక్కన కూలబడింది. చేతికి కట్టు ఇంకా ఉంది. పెద్దక్కా అన్నట్టు ఆవిణ్ణి చేడత్తీ అంటాను.

"చేడత్తీ, నువ్వు పోలీసుల సాక్షివి. నాతో మాట్లాడకూడదు" అన్నాను.

"నీతో ఎవరు మాట్లాడారు? నేను కాలవతో మాట్లాడుకుంటున్నా" అని ముఖం నీళ్లవైపు తిప్పుకుంది. "చెప్పవే కాలవా. వాడిది తప్పంటే వాడి ఉద్యోగం ఊడుతుంది. తప్పు లేదంటే నా కొట్టు రాదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కొట్టు లేకపోతే నేనెలా బతకాలి? వాడి పొట్ట కొట్టి నేనెలా పడుకోవాలి?"

నేనూ కాలవవైపే చూస్తూ అన్నాను. "కాలవా, జరిగింది జరిగినట్టు చెప్పమని ఆవిడతో చెప్పు. చెప్పడం వరకే ఆవిడ పని. తూచేవాళ్లు వేరే ఉన్నారు."

"మూడు చోట్లా ఒకే మాటా?"

"ఒకే మాట. తూకం రాళ్లే వేరు."

"ఈ నల్లకోట్ల మాట నమ్మడానికి నాకేం పిచ్చా?" అని కాలవకి చెప్పి, సంచీలోంచి ఒక బజ్జీ తీసి నా ఒళ్లో పెట్టి దిగిపోయింది.

కోర్టులో ప్రభుత్వ వకీలు ఆవిణ్ణి మొదటి ప్రశ్నే సూటిగా అడిగాడు. "తాడు విప్పకపోవడం అజాగ్రత్తేనా?"

"కాక మరేమిటి, జాగ్రత్తా? నూటికి నూరుపాళ్లూ అజాగ్రత్తే!"

పొన్నప్పన్ బోను కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. వాడి వంక చూడకుండా నేను లేచాను.

"వాడు రోజుకి ఎన్నిసార్లు ఆ తాడు విప్పుతాడు?"

"పద్నాలుగు సార్లు."

"పదకొండేళ్లలో ఎన్నిసార్లు మరిచాడు?"

"ఒక్కసారి. అదీ నేను బజ్జీలకి పిలిస్తే."

"అడగనివి చెప్పకండి!" అన్నాడు ప్రభుత్వ వకీలు.

"మీరు అడగరనే కదా సారూ చెప్పింది!"

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు సద్దుమణిగేదాకా ఆగి, అడగవలసిన ప్రశ్న అడిగాను. "తాడు ఉందని తెలిసి, ఏమైతే నాకేంలే అనుకుని బోటు పోనిమ్మన్నాడా?"

ఏలికుట్టికి ఎక్కడలేని కోపం వచ్చింది. "నీకు బుద్ధుందా వకీలమ్మా? తెలిసి చేసుంటే వాణ్ణి ఇక్కడిదాకా రానిస్తానా? ఆ కాలవలోనే ముంచేదాన్ని. మరిచిపోయాడు! నేను చేపల కూరలో ఉప్పేసిన సంగతి మరిచి మళ్లీ ఉప్పెయ్యలేదూ? మా ఆయన కంచం తోసేశాడే గానీ నన్ను జైల్లో పెట్టించలేదే!"

మేజిస్ట్రేటు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తీర్పు పది రోజులకి వచ్చింది. ప్రమాదం ఎదురుగా ఉందని తెలిసీ లెక్కచెయ్యనివాడి కోసం జైలు ఉందిగానీ, ఒక్కసారి మరిచినవాడి కోసం కాదని వాణ్ణి వదిలేశారు. మరుపుకి జవాబు చెప్పుకోవలసిన చోటు వేరే ఉందని కూడా రాశారు. పొన్నప్పన్ బోను దిగి వరండాలో చెప్పులు మరిచి ఇంటికి పోయాడు. ఈ మరుపుకి నేనేమీ అనలేదు.

ఆ వేరే చోటు పక్క భవనంలోని సివిల్ కోర్టే. దావాలో నాకు పని లేదు, అయినా వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. శాఖ వకీలు మహా ధీమాగా లేచాడు. "జైలు శిక్షకి తగిన నిర్లక్ష్యం లేదని అక్కడ తేల్చేశారు. ఇక మేము పరిహారం దేనికివ్వాలి?"

జడ్జిగారు తల అడ్డంగా ఊపారు. "అక్కడ తెగింపు ఉందా అని చూస్తారు. ఇక్కడ మామూలు మనిషికి ఉండవలసిన మామూలు జాగ్రత్త లేకపోతే చాలు. మీ పనిలో ఉండగా మీ మనిషి మరిస్తే, దానికి మీరే పూచీ."

"అయితే అతని ధ్యాస మళ్లించింది ఈవిడే! బజ్జీలకి పిలిచింది ఈవిడే! గుంజ ఇచ్చింది ఈవిడే!"

"మీ కొయ్య పుచ్చిపోతే నా గుంజ ఊరికే ఇచ్చాను. ఉపకారానికి పోతే అపకారం ఎదురైందట!" అని బెంచీ మీంచే గదమాయించింది ఏలికుట్టి.

గుంజ ఇవ్వడం తప్పు కాదన్నారు జడ్జిగారు. బోటు కదిలే వేళకి పిలిచినందుకు మాత్రం పావు వంతు పూచీ ఆవిడది, ముప్పావు శాఖది అని తేల్చారు. బయటికొచ్చాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. "విన్నావా? పావే! మా ఆయన ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఏం జరిగినా తప్పంతా నాదే అనేవాడు!"

మిగిలింది శాఖ విచారణ. అక్కడా ఏలికుట్టి అదే మాట చెప్పింది. పొన్నప్పన్‌ని లిఖితపూర్వకంగా మందలించి వదిలేశారు, సరంగు పని ఆపలేదు. రేవులో ఇనుప స్తంభం పాతమన్నారు. తాడు విప్పినట్టు ఖాయం చేసుకోకుండా బోటు కదలరాదని కూడా రాశారు. ఖాయం చెయ్యవలసింది ఎవరో రాయడం మరిచారు.

ఓణం పండగ వెళ్లిన వారానికి పొన్నప్పన్ మొదటిసారి చక్రం దగ్గర కూర్చున్నాడు. నెత్తిన వాళ్ల నాన్న టోపీ, కొంచెం వదులు. ఏలికుట్టి కొత్త కొట్టు ముందు కొత్త గుంజ, దానికి పదడుగుల దూరంలో తళతళలాడే ఇనుప స్తంభం. నాకు పది గంటలకి కేసు. కొత్త కళాసి తాడు విప్పి "పోనీ" అని అరిచాడు.

బోటు కదల్లేదు. జనమంతా టీకొట్టు వైపు చూస్తున్నారు.

ఏలికుట్టి తాపీగా వాయి తీసి, చెయ్యి తుడుచుకుని బయటికొచ్చింది. ఇనుప స్తంభం చూసింది. బోటు ముందు చూసింది, వెనక చూసింది. తర్వాత తన గుంజ దగ్గరికెళ్లి, వంగి మొదలుదాకా తడిమి చూసింది.

"చేడత్తీ! నాకు కోర్టుకి టైమైపోతోంది!" అని అరిచాను.

"అరవకు! పావు వంతు పూచీ నాదని ఆ కోర్టే చెప్పింది. నా పావు నన్ను చూసుకోనీ!" అంది. నడుం నిటారు చేసుకుని, పైన చక్రం దగ్గరున్న వాడి వంక కాసేపు చూసింది. ఆ ముఖం చూస్తే నాకు కళ్లు నిండాయి, కోపం మాత్రం రాలేదు.

"పోనీరా, సరంగూ!" అని ఊరంతా వినపడేలా కేకేసింది.

పొన్నప్పన్ టోపీ సర్దుకుని హారన్ కొట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. బోటు కదిలింది. కొట్టు కదల్లేదు.