కుడివైపు ఆకురాయి

రేకు తలుపు పైకి నెట్టగానే తాళాలాయన ఆకురాయిని సొరుగులోంచి తీసి, బల్లకు బిగించిన వైసు పక్కన, కుడివైపు పెట్టాడు. వైసులో సగం కోసిన తాళంచెవి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అది ఎప్పటిదో, ఎవరిదో ఆయనకే గుర్తులేదు. వచ్చేవాళ్ల కళ్లకు పనిముట్టు కనబడాలి, నమ్మకం కుదరాలి, అంతే.

అసలు పని జరిగేది పర్దా వెనక.

ఆయన చేతులు వణకడం మొదలై నాలుగేళ్లయింది. టీ గ్లాసు పట్టుకుంటే సగం నేలపాలే. "నేను కోస్తే తెరుచుకోని తాళం లేదు" అని మీసం మెలేసి తిరిగిన మనిషికి చేతులు పోవడమంటే పరువు పోవడమే. అప్పటినుంచి "లోపల పెద్ద మిషనుంది, ఇప్పుడే తెస్తా" అంటూ తాళంచెవిని పర్దా వెనక్కి తీసుకెళ్లి పెట్టొచ్చేవాడు. లోపల మిషనూ లేదు, గిషనూ లేదు. భార్య ఉంది. చెక్కదిమ్మ ముందు కూర్చుని, ఎడమచేత్తో ఆకురాయి పట్టి కసకస అరగదీసేది. పూర్తయ్యాక తాళంచెవి తలమీద చిన్న చుక్క కొట్టేది. అది కొట్టు గుర్తు. చుక్క పడనిది గడప దాటదు. అది మిషను చప్పుడులా లేదే అని ఎవరైనా అడిగితే "మా ఆవిడ గిన్నెలు తోముతోంది" అనేవాడు. ఇద్దరున్న ఇంట్లో అన్ని గిన్నెలేమిటో అని వీధి నవ్వుకునేది. ఆయనా నవ్వేవాడు.

ఆ రోజు చప్పుడు తెల్లవారకముందే మొదలైంది. ముందురోజు అక్కను చూసొస్తానని వెళ్లిన మనిషి తిరిగొచ్చి, అన్నం ముట్టకుండా పడుకుంది. రోజూ టీ తనే పట్టి తాగించేది. ఇవాళ గ్లాసు బల్లమీద పెట్టి, ముఖం చాటేసి వెళ్లిపోయింది. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు. టీ చల్లారిపోయింది.

ఎండెక్కాక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. బల్లమీద ఒక తాళంచెవి పెట్టాడు.

"ఈ చుక్క నీదేనా పెద్దాయనా?"

"మాదే సార్. ఏం, తిరగడం లేదా?"

"బ్రహ్మాండంగా తిరిగింది. లాడ్జి గుమస్తా గది తలుపుకే వేలాడుతోంది. లోపల వాడు తల పగిలి చచ్చిపడున్నాడు."

ఆ గుమస్తా తెలిసినవాడే. మొన్నామధ్య తన గదికి ఇంకో తాళంచెవి కావాలని వచ్చి, పర్దా వైపు చూస్తూ "లోపల అక్కగారు కులాసాయేనా?" అని అడిగాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాడు ఈయన.

"వాడి రెండు తాళంచెవులూ వాడి జేబులోనే ఉన్నాయి. ఇది మూడోది" అంటూ ఇన్‌స్పెక్టరు ఒక ఫొటో, ఒక జత దుద్దులు ముందుకు జరిపాడు. "ఇవి వాడి పెట్టెలో దొరికాయి."

ఫొటోలో లాడ్జి మంచం. దానిమీద తన భార్య, ఆమె పక్కన, ఎదురుకొట్లో పటాలకు ఫ్రేములు కడుతూ ఉండి కిందటేడు కొట్టు ఎత్తేసి పోయినవాడు. ఇంకా అనుమానపడటానికి ఏమీ మిగల్చని ఫొటో అది. ఆ దుద్దులు కాలవలో పడిపోయాయని ఆమె చెప్పినవే. ఆ మాత్రం చూసుకోలేవా అని ఆయన రోజంతా సణిగాడు కూడా.

"ఇది చూపించి వాడు మీ ఆవిడను పీక్కుతింటున్నాడు. సంగతి నీ చెవిన పడింది, రక్తం ఉడికింది. వాడికి కోసినప్పుడే నీకూ ఒకటి కోసుకున్నావు. కాదంటావా?"

పర్దా వెనక కసకస ఆగిపోయింది.

ఆయన వంగి తాళంచెవిని చూశాడు. పళ్లు ఎడమకు వాలి ఉన్నాయి. ఆమె చెయ్యి. దొంగతనంగా కోసుకున్నదానికి కూడా అలవాటు కొద్దీ చుక్క కొట్టింది పిచ్చిది!  కోపంలోనే ఎక్కడో జాలి కూడా కలిగింది, దానికి ఇంకా ఒళ్లు మండింది.

బతికి బయటపడటం ఎంతసేపు? రెండు చేతులూ బల్లమీద పెట్టి, "వీటితో తాళంచెవి కోయగలనా సార్?" అంటే చాలు. మరి కోసిందెవరని అడుగుతారు. ఆయన చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు.

"నేనే కోశాను."

పర్దా కదిలింది. మోచేతుల దాకా ఇత్తడి పొడితో ఆమె బయటికొచ్చి నోరు తెరిచింది.

"నువ్వు లోపలికి పో. గిన్నెలు తోముకో" అన్నాడాయన. ఇన్‌స్పెక్టరు ఆమె చేతుల వంక చూసి, ముఖం తిప్పుకున్నాడు.

చొక్కా తొడుక్కోవడానికి ఆయన్ను లోపలికి పోనిచ్చారు. ఆమె రోజూలాగే గుండీలు పెట్టింది.

"ఫొటో తెచ్చుకుందామని వెళ్లా. వాడు మధ్యలో వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. తోశాను. తలకు మంచం కోడు తగిలింది" అంది. "నేనే చెప్తానండీ. మీరు అడ్డం రాకండి."

"నిన్ను క్షమించాననుకోకు. నీ ముఖం చూడాలని లేదు నాకు." అన్నాడాయన. "ఫొటో సంగతి ఎలాగూ వీధిన పడుతుంది. నా చేతుల సంగతి కూడా పడితే నేను మోయలేను. నోరు విప్పావా, నా మీద ఒట్టే."

ఆమె ఆఖరి గుండీ దగ్గరే ఆగిపోయింది. మెడ దగ్గరి ఆ గుండీ పెట్టకుండానే ఆయన బయటికి నడిచాడు.

చేతులకు బేడీలు వేయగానే గొలుసు గలగలలాడింది. భయపడ్డాడనుకున్నారు కానిస్టేబుళ్లు. జీపు చుట్టూ మూగిన జనంలో ఎవరో "పౌరుషం ఉన్న మనిషి" అన్నారు. ఆయన ఆ మాట విన్నాడు, తలెత్తలేదు. జీపు వెళ్లిపోయింది.

సాయంత్రమైనా రేకు తలుపు ఎవరూ దించలేదు. పర్దా వెనక చప్పుడు లేదు. బల్లమీద, వైసుకు కుడివైపు, ఆయన పెట్టినచోటే ఆకురాయి ఉంది. దాని గరుకులో ఒక్క రవ్వ ఇత్తడి పొడి లేదు.