గంట వెనక నడిచిన రేడియో

"గడియారం మళ్ళీ గంట వెనక్కి పోయిందంటే అది నీ చేతి చలవే అక్కా," అన్నాడు డెర్లిస్, మాటె టీ పీలుస్తూ.

"రేడియో గది తాళం నీ దగ్గర, పాస్‌వర్డ్ నీ దగ్గర. గోడ ఇవతలుండి ఊది తిప్పానా?" ఉడికిన కర్రపెండలం పళ్ళేన్ని జునిల్డా ఠపీమని బల్ల మీద పెట్టింది.

"నోళ్ళు మూయండిద్దరూ! రేడియోలో జపమాల ప్రార్థన ఆలస్యమైందని ఊళ్ళో ముసలమ్మలు నన్ను తిడుతున్నారు," అంది తల్లి పోర్ఫిరియా.

వంటింటి వెనక గదిలోని ఆ రేడియో స్టేషన్‌ని ఏళ్ళ తరబడి నడిపింది జునిల్డా. సర్వర్ గడియారం తప్పడం మొదలవగానే, అక్కే చెడగొడుతోందని డెర్లిస్ తల్లికి ఎక్కించాడు. తల్లి ఒక్క మాటైనా అడక్కుండా తాళం వాడి చేతిలో పెట్టింది. అదే జునిల్డాకి మింగుడుపడలేదు.

జబ్బేమిటో ఆమెకి తెలుసు. చలికాలం రాగానే గడియారాలు గంట వెనక్కి తిప్పే పద్ధతిని పరాగ్వే మానేసింది. సర్వర్‌కి ఆ కబురు అందలేదు. చేత్తో సరిచేసినా, కాసేపటికి ఇంటర్నెట్‌లోంచి సమయం తెచ్చుకుని, పాత లెక్కన గంట తగ్గించేసుకుంటోంది. అప్‌డేట్ చేస్తే సరిపోయేదే; కానీ తాళం చేతికి రాగానే, అక్క వేలు పెట్టకుండా అప్‌డేట్లన్నీ ఆపేసింది డెర్లిసే. ఒక్క మాట చెబితే పోయేది. ఆమె చెప్పలేదు.

ఊరి పునీతుడి పండగ వచ్చింది. డెర్లిస్ పొద్దున్నే గడియారం సరిచేసి, బిషప్పు ప్రసంగం వేళకి చర్చి మైకు దానంతటదే కలిసేలా పెట్టి, కొత్త చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. బిషప్పు మాట్లాడినంతసేపూ రేడియోలో పోల్కా పాటలు, పరుపుల ప్రకటనలు మోగాయి. జునిల్డా ఉల్లిపాయలు తరుగుతూ తీరిగ్గా వింది.

గంట ఆలస్యంగా, అంతా అయిపోయాక మైకు కలిసింది. కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు, ఆ వెంటనే డెర్లిస్ గొంతు: "ఈ బిషప్పు సోది అయ్యేసరికి నడుం పడిపోయిందిరా నాయనా!"

ఊరంతా విన్నది.

భోజనాల దగ్గర వాడు తల ఎత్తలేదు. పోర్ఫిరియా కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా?" అని జునిల్డాని అడిగింది.

"తెలుసు. నన్నెవరు అడిగారు?"

"సరేలే, నువ్వే బాగుచెయ్యి తల్లీ."

జునిల్డా అందరికీ సూపు వడ్డించి, కూర్చుని, గొంతు పెంచకుండా చెప్పింది.

"చేస్తాను. ఇకమీదట ఆ గదిలో వాడే కాదమ్మా, నువ్వూ అడుగుపెట్టకూడదు."