పుట్టని మూడు మాటలు

పుంగనూరు బడిలో మూడో పీరియడ్ నడుస్తుండగా షైనీకి ఫోనొచ్చింది. చేతిలో సుద్దముక్కతోనే ఆఫీసు గదికి వెళ్లింది. అవతల మాలతి. షైనీ ఎమ్మే చదివిన కుప్పం విశ్వవిద్యాలయంలోనే ఇప్పుడు పరిశోధన చేస్తున్న అమ్మాయి.

"అక్కా, మీ ప్రాజెక్టు పట్టుకోని రామకుప్పం పక్క మూడు నెల్లు తిరిగినా. నలభై ఏడు మాటలు దొరికినాయి. మూడు మాత్రం యాడా లేవు. దడకేక అంటే ముసిలోళ్లు కూడా తెలీదంటాండారు. అయిదేండ్లకే సచ్చిపోయినాయి. ఆదివారం పూర్వ విద్యార్థుల సభలో దాని మిందనే పేపరు సదవతాండా. మీరు ముందు వరసలో ఉండాల."

"వస్తాలేమ్మా" అని షైనీ ఫోను పెట్టేసింది. క్లాసుకొచ్చాక పాఠం ఎక్కడ ఆపిందో గుర్తు రాలేదు.

ఆ మాటలు చచ్చిపోలేదు. అసలు పుట్టనే లేదు. 2001లో, రాగిచేలమీద ఏనుగులు పడకుండా కాపలా కాసే రైతుల మాటలు సేకరిస్తూ ఆమె నలభై ఏడు దగ్గర ఆగిపోయింది. గైడు గోపాలస్వామి సారు యాభై కావాలన్నారు. వానలకు బస్సులు ఆగాయి, గడువు నాలుగు రోజులే ఉంది. హాస్టలు గదిలో కూర్చుని మిగతా మూడూ తనే కట్టింది. దడకేక అంటే ఒక మంచె మీంచి ఇంకో మంచెకు వేసే కేక అని అర్థమూ రాసింది. ఆ ప్రాజెక్టుకు మొదటి బహుమతి ఇచ్చి, పుస్తకంగా కుట్టించి లైబ్రరీలో పెట్టారు.

అప్పట్నుంచీ ఏ ఏడూ ఆమె సభ తప్పలేదు. పన్నెండుమంది బ్యాచ్‌మేట్లకు ఉత్తరాలు రాసి పోగేసేదీ ఆమే. అందరూ లైబ్రరీ చూడ్డానికి వెళ్తే మాత్రం, టీ తాగొస్తానని క్యాంటీన్‌లో ఉండిపోయేది.

శనివారం మదనపల్లెకు పోయి, జిరాక్సు కొట్టు నడుపుతున్న బ్యాచ్‌మేట్ రాజేంద్రకు అంతా చెప్పింది.

అతను మిషను ఆపలేదు. "ఇప్పుడు యాల తవ్వుకుంటావు షైనీ? మూడు మాటలతో ఎవురి కొంప మునిగింది? చెప్తే మన బ్యాచ్ పేరు పోతాది, అంతే."

"ఆ పిల్ల లేనిదానికి ఏడస్తాండాదప్పా."

"ఏడ్చి ఊరుకుంటాది."

ఆదివారం పలమనేరు మీదుగా బస్సులో కుప్పం చేరేలోపు షైనీ రెండుసార్లు దిగిపోదామనుకుంది. సభ మొదలవకముందే వరండాలో మాలతిని పక్కకు పిలిచి చెప్పేసింది. మాలతి చేతిలోని కాగితాలు మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

"మూడు నెల్లు తిరిగినానక్కా. ఎండలో" అని మాత్రం అంది. పేపరు చదవకుండానే వెళ్లిపోయింది.

మాలతి పేపరుకని పెట్టి, ఖాళీ అయిన పదిహేను నిమిషాల్లో షైనీ లేచి అందరి ముందూ ఒప్పుకుంది. రాజేంద్ర తల దించుకున్నాడు. గోపాలస్వామి సారు రిటైరై, కర్ర పట్టుకుని వచ్చి ఉన్నారు. ఆయన కూర్చున్న చోటునుంచే అన్నారు: "యాభై అని పట్టుబట్టింది నేనేనమ్మా. నలభై ఏడుకే మార్కులు వేసుండొచ్చు. అయితే అబద్ధం నీదే. పొయ్యి ఆ పుస్తకంలో రాసిపెట్టు."

రాసింది. ఆ మూడు మాటలూ తన కల్పన అని చీటీ రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి, లైబ్రరీ ప్రతిలో అంటించింది. మనసు తేలికపడుతుందనుకుంది. పడలేదు.

రాజేంద్ర ఫోను చెయ్యడం మానేశాడు. రెండు నెలలకు మాలతినుంచి కార్డొచ్చింది. శనివారం రామకుప్పం పక్క పల్లెకు పోతున్నాననీ, టేపురికార్డరు పట్టుకోవడానికి మనిషి కావాలనీ రెండే ముక్కలు.

షైనీ పోయింది. కదిరప్ప అనే రైతు చేనిగట్టు మీద కూర్చుని, ఏనుగుల్ని తరిమిన సంగతులు చెప్పాడు. మాలతి ప్రతి మాటా రెండుసార్లు అడిగి తనే రాసుకుంది, షైనీ ప్రాజెక్టు పుస్తకం వైపు చూడలేదు. షైనీ రికార్డరు పట్టుకుని కూర్చుంది, చెయ్యి లాగుతున్నా మార్చలేదు.

ఆ రోజు కొత్త మాట ఒక్కటీ దొరకలేదు. బస్సు కోసం రోడ్డుమీద నిలబడ్డప్పుడు మాలతి అడిగింది: "వచ్చే శనివారం మీకు బడి ఉండాదా అక్కా?"

"ఒంటిపూట. మధ్యాహ్నం బస్సుకొస్తా" అంది షైనీ.